దంపతుల కోటాలో ఫిన్నిష్

రాష్ట్ర గోనెసంచుల సేకరణ, సరఫరా శాఖకు ఒక కమిషనర్ గారు ఉండేవారు. గోనెసంచుల రంగంలో వస్తున్న ఆధునిక ధోరణులను అధ్యయనం చేయడానికి ఆయన ఒక చలిదేశం వెళ్ళారు. ఆ దేశంలో గోనెసంచులు వాడరన్న సంగతి అక్కడ దిగాక తెలిసింది. అయినా పాపం అంత దూరం వచ్చాడని వాళ్ళు ఆయన భుజాల మీద ఏదో ఉన్నిగుడ్డ కప్పి, నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. ఆయనకు నోట మాట రాలేదు. మన దగ్గర ఇంగ్లీషు దంచిపారేసే మనిషే గాని, ఎదుటివాడికి కూడా ఇంగ్లీషు వస్తుందని తెలిస్తే ఆయనకు రాదు. వాళ్ళు చప్పట్లు కొట్టి కూర్చోబెట్టేశారు.

ఆ పరాభవం తిరుగు విమానంలో అరగలేదు. దిగీ దిగగానే ఒక ఉత్తర్వు పుట్టింది. "ప్రపంచమే ఒక కుగ్రామముగా మారిన ప్రస్తుత తరుణమున, పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, శాఖయందు నలభై సంవత్సరములు నిండిన ప్రతి ఉద్యోగియు విధిగా ఒక విదేశీ భాషను ఎన్నుకొని అభ్యసించవలెను. అభ్యసించని యెడల సదరు ఉద్యోగి బదిలీ, పదోన్నతి మరియు సెలవు అభ్యర్థనలు పరిగణింపబడవు." నలభై దాటినవాళ్ళే ఎందుకంటే, ఆ వయసులో మెదడు తుప్పు పడుతుందనీ, కొత్త భాష దానికి నూనె అనీ కమిషనర్ గారి ఫోనుకు ఎవరో పొద్దున్నే పంపారు. పువ్వు బొమ్మతో సహా వచ్చింది కాబట్టి ఆయన నమ్మారు.

అవి కోతల రోజులు. కళ్ళాల్లో ధాన్యం రాశులు పోసి ఉన్నాయి. పట్టడానికి గోతాలు లేవు. మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అన్నది మన శాఖను చూశాకే పుట్టిన సామెతేమో.

కోటిలంక జిల్లా కార్యాలయంలో ఈ ఉత్తర్వు చదివి అందరూ తల పట్టుకుంటే, సీనియర్ అసిస్టెంటు మేడిశెట్టి రత్నమాణిక్యం మాత్రం 'బదిలీ' అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఆవిడకు కావలసింది బదిలీ ఒక్కటే. ఆవిడ మొగుడు సూర్యప్రకాశం కూడా ఈ శాఖలోనే సీనియర్ అసిస్టెంటు. కాకపోతే కొండల అంచున శృంగవరంలో. రాత్రి బస్సెక్కితే తెల్లారి దిగాలి. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళే. ఆ తరువాత ఎవరో ఎక్కడో ఒక సంతకం పెట్టారు. అప్పటి నుంచి వాళ్ళ కాపురం రెండో శనివారాలకూ ఫోనుకూ పరిమితమైపోయింది. భార్యాభర్తలను ఒకచోట ఉంచాలని జీవో ఉంది. జీవో ఒకచోట ఉంది, భార్యాభర్తలు రెండుచోట్ల ఉన్నారు.

మాణిక్యం అర్జీలు పెట్టకపోలేదు. పెట్టిన ప్రతిదానికీ సూపరింటెండెంటు కామేశం గారు ఒక కొర్రీ వేసి తిప్పి పంపేవాడు. కొర్రీ వెయ్యనిదే ఆయనకు మధ్యాహ్నం భోజనం సహించదు. పెళ్ళి ఫొటో జతపరచలేదన్నాడు. జతపరిస్తే, ఫొటోలో పురోహితుడి సంతకం లేదన్నాడు. ఆఖరిసారి వేసిన కొర్రీ ఆయన జీవితంలోకెల్లా గొప్పది. "అర్జీదారు మరియు ఆమె భర్త అని చెప్పబడుచున్న వ్యక్తి ఒకే చిరునామాలో నివసించుటలేదు. కావున వారు దంపతులనుటకు ఆధారము చూపవలెను."

"ఒకే చిరునామాలో ఉంటే అర్జీ ఎందుకు పెడతానండీ?" అని మాణిక్యం అడిగింది.

"అది నాకు తెలుసమ్మా. ఫైలుకి తెలీదు కదా," అన్నాడు కామేశం గారు చాలా నెమ్మదిగా.

అందుకని భాష నేర్చుకుంటే బదిలీ అర్జీని పరిగణిస్తామన్న మాట ఆవిడకు వరంలా కనిపించింది. ఏ భాషయితేనేం, నేర్చేసుకుంటే సరి అనుకుంది.

భాష ఎన్నుకోవడం అంటే మనకు నచ్చింది మనం ఎన్నుకోవడం అనుకున్నారు పిచ్చివాళ్ళు. శాఖలో దేనికైనా ఒక పద్ధతి ఉంటుంది. మేష్టర్ల బదిలీలకు జరిపినట్టు భాషలకు కౌన్సెలింగ్ జరిపారు. మీటింగు హాల్లో తెర కట్టి, దాని మీద ఖాళీల పట్టిక వేశారు. ఫ్రెంచి ఒకటి, జపనీసు ఒకటి, జర్మను రెండు, స్వాహిలి ఒకటి, మంగోలియను ఒకటి, ఇలా. సీనియారిటీ పాయింట్లు, అనారోగ్యం పాయింట్లు, దంపతుల కోటా పాయింట్లు అన్నీ లెక్కకట్టారు. ఉద్యోగుల సంఘం వాళ్ళు బయట టెంటు వేసుకుని, దూరదేశాల భాషలు పడ్డవాళ్ళకు దూరభత్యం ఇవ్వాలనీ, మహిళా ఉద్యోగులకు సరిహద్దు దేశాల భాషలే ఇవ్వాలనీ నినాదాలు చేశారు.

జిల్లా గోనె అధికారి పరాంకుశరావు గారు అధ్యక్షస్థానంలో కూర్చుని మొదట తన సంగతి తేల్చుకున్నారు. తనకు ఇంగ్లీషు చాలన్నారు. ఇంగ్లీషు విదేశీ భాష కాదనీ, అది కార్యాలయ భాష అనీ పైనుంచి జవాబొచ్చింది. పోనీ తెలుగు తీసుకుంటానని రాశారు. ప్రధాన కార్యాలయంలో దాని వాడుక బొత్తిగా లేదు కనుక తెలుగును విదేశీ భాషల కోవలో చేర్చే విషయం పరిశీలనలో ఉన్నదని సమాధానం వచ్చింది. పరిశీలన తేలేదాకా ఆయనను మినహాయించారు.

కామేశం గారు అందరికన్నా సీనియరు. నేపాలీ కోరుకున్నాడు. "జపనీసయితే పైనుంచి కిందికి రాస్తారటండి. నాకు మెడనెప్పి. డాక్టరు సర్టిఫికెట్టుంది," అని చూపించాడు. చిన్నప్పుడు చదివిన హిందీ అక్షరాలతో నేపాలీ గట్టెక్కిపోవచ్చన్నది ఆయన ఎత్తు. ఫ్రెంచి కోసం ఇద్దరు గుమాస్తాలు శాసనసభ్యుడి సిఫార్సు ఉత్తరాలు తెచ్చి, ఆ రెండూ ఒకే శాసనసభ్యుడివి కావడంతో కొట్టుకున్నంత పని చేశారు. డ్రైవరు సత్తిబాబుకు చివరికి మంగోలియను మిగిలింది. "పోన్లెండి, గుర్రాల మీద తిరిగే జనమంట. మనదీ బండి ఉద్యోగవే గదా," అని సర్దుకున్నాడు.

మాణిక్యం వంతు వచ్చింది. దంపతుల కోటా అన్న గడిలో టిక్కు పెట్టి, కింద కాస్త ఖాళీ ఉంటే అందులో తన గోడు కూడా నాలుగు వాక్యాల్లో రాసి ఇచ్చింది. ఎవరి కంటనైనా పడకపోతుందా అని ఆశ.

పడింది. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన మెమోను పరాంకుశరావు గారు ఆవిణ్ణి గదిలోకి పిలిచి, నిలబడి మరీ చదివారు.

"శ్రీమతి ఎం. రత్నమాణిక్యం, తమను, తమ భర్తను ఒకే చోట ఉంచవలసినదిగా చిరకాలముగా చేసికొనుచున్న అభ్యర్థన సానుభూతితో పరిశీలించబడినది. మానవతా దృక్పథముతో, ప్రత్యేక కేసుగా పరిగణించి, ఉభయులను ఒకే భాషయందు, అనగా ఫిన్నిష్ భాషయందు ఉంచడమైనది. ఇందుమూలముగా వారి పూర్వపు అర్జీలన్నియు పరిష్కరింపబడినవిగా భావించి మూసివేయడమైనది." చదివి కాగితం మడిచి, "కంగ్రాచ్యులేషన్స్ అమ్మా! ఇన్నాళ్ళకు మీ దంపతులు ఒక చోట చేరారు," అన్నారు.

"మేం చేరలేదండి. భాషలో ఎలా కాపురం ఉంటారండీ?"

"అదేంటమ్మా, భాషంటే ఎంత విశాలమయింది! మీరే నేర్చుకుంటారుగా," అన్నారు పరాంకుశరావు గారు.

బయటకొచ్చి మాణిక్యం ఏడ్చింది. ఏడ్చాక కోపం వచ్చింది. ఆ రాత్రి ఫోను చేసి మొగుడికి మెమో అంతా చదివి వినిపిస్తే, అవతల సూర్యప్రకాశం అడిగాడు, "ఫిన్నిషంటే ఏ ఊరిదే?"

శిక్షణకు టెండరు పిలిస్తే, మిషను కుట్టు, టైపు నేర్పే సంస్థ ఒకటి తక్కువకు వేసింది. దాని యజమాని అన్ని భాషలవాళ్ళనూ ఒకే హాల్లో కూర్చోబెట్టి, భాషలన్నిటి సారం ఒక్కటే కాబట్టి విడివిడిగా నేర్పడం ప్రజాధనం వృథా అని ఉపన్యసించాడు. హాజరు వేసుకుని అందరూ ఇంటికి పోయేవారు. కామేశం గారు హిందీ సినిమాలు చూస్తూ నేపాలీ సాధన చేస్తున్నానన్నాడు.

మాణిక్యం మాత్రం నిజంగా నేర్చుకుంది. మొండితనంతో మొదలుపెట్టింది. ఫిన్నిష్ మాట్లాడే దేశపు ముసలావిడ ఒకతె చంటిపిల్లలకు పాఠాలు చెబుతూ ఇంటర్నెట్లో పెట్టిన వీడియోలు దొరికాయి. పదిహేను విభక్తులున్నాయని విని మొదట గుండె జారింది. తీరా చూస్తే అవి మన విభక్తుల్లాగే మాట చివర తోకలా అతుక్కుని ఉన్నాయి. మాటలు కూడా చాలావరకు మనలాగే అచ్చులతో ముగుస్తున్నాయి. 'తాలో' అంటే ఇల్లు. 'తాలోస్సా' అంటే ఇంట్లో. 'తాలోస్తా' అంటే ఇంట్లోంచి. రెండు ఇళ్ళ మనిషికి ఈ మూడు మాటలూ ఒక్క పూటలో వచ్చేశాయి.

సూర్యప్రకాశం కూడా నేర్చుకున్నాడు, పెళ్ళాం నేర్చుకుంటోంది కాబట్టి. అంతకు ముందు వాళ్ళ ఫోను సంభాషణంతా పప్పులో ఉప్పెంత, గ్యాసు వచ్చిందా, బీపీ మాత్ర వేసుకున్నావా అన్న వరకే. ఇప్పుడు అదే ఉప్పు గురించి ఫిన్నిష్‌లో అడగడానికి పావుగంట పట్టేది. ఆ పావుగంటలో ఇద్దరూ పకపకా నవ్వుకునేవారు. ఒకరోజు ఆయన ఎక్కడో చూసి నేర్చుకుని, "మినుల్లా ఓన్ ఇకవా సినువా," అన్నాడు. నీ మీద బెంగగా ఉంది అని దానర్థం. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట తెలుగులో ఒక్కసారీ అనలేదాయన. తెలుగులో అనాలంటే సిగ్గు మరి.

ఇంతలో రెండో ఉత్తర్వు వచ్చింది. వాడుక లేని భాష నిలవదు కనుక, ఇకపై ప్రతి ఉద్యోగీ తన ఫైలు తనకు కేటాయించిన భాషలోనే రాయాలి. తోటి ఉద్యోగి భాష అర్థం కాలేదని ఫైలు తిప్పి పంపితే, అది అంతర్జాతీయ దృక్పథం లేకపోవడంగా పరిగణించి క్రమశిక్షణ చర్య తీసుకుంటారు.

దీంతో జరిగింది ఎవరూ ఊహించలేదు. గుత్తుల ఎర్రియ్య అనే రైతు ఎన్నాళ్ళుగానో గోతాల కోసం తిరుగుతున్నాడు. "అయ్యా, మబ్బట్టేసిందండి. కళ్ళంలో గింజ మొలకెత్తిపోద్దండి. ఇప్పుడైనా ఇత్తారా?" అని గుమ్మంలో నిలబడ్డాడు. స్వాహిలి గుమాస్తా అతని అర్జీ మీద స్వాహిలి అనుకుని ఏదో రాశాడు. ఫైలు కామేశం గారి బల్లకు వచ్చింది. ఆయన ఎర్రకలం తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అర్థమైతే కదా కొర్రీ వెయ్యడానికి! అర్థం కాలేదంటే ఛార్జిమెమో. ఆయన పెదవి కొరుక్కుని సంతకం పెట్టేశాడు. పరాంకుశరావు గారు అదే భయంతో అదే పని చేశారు. సాయంత్రానికి ఎర్రియ్య గోతాలు బండికెత్తుకుని, "ఏ బాసో గానండి, సల్లగుండాలండి," అని దండం పెట్టి వెళ్ళాడు.

ఇక ఆ తరువాత ఫైళ్ళు ఆగలేదు. బీరువాల్లో బూజుపట్టినవన్నీ బయటపడి కాళ్ళొచ్చినట్టు నడిచిపోయాయి. జిల్లా మొత్తానికి గోతాలు అందాయి. ఆఫీసు గేటు దగ్గర అర్జీలు రాసి పెట్టి, లోపల పని చేయించి పెట్టే దళారి బోనం రాంబాబు పని లేక కొబ్బరిబోండాల కొట్టు పెట్టుకున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. పూజారికి చదవడం రాకపోతే వరం నేరుగా వచ్చేస్తుందని ఎవరికి తెలుసు? ప్రధాన కార్యాలయం దీన్ని 'బహుభాషా పరిపాలనా విప్లవం' అని పేరుపెట్టి కోటిలంకకు ఒక షీల్డు పంపింది. కామేశం గారు మాత్రం అన్నం సహించక చిక్కిపోయాడు.

మాణిక్యం ఆ షీల్డు వంక చూస్తూ ఒకరోజంతా ఆలోచించింది. మర్నాడు కొత్త ఫైలు తెరిచి, శుద్ధమైన ఫిన్నిష్‌లో తన బదిలీ ప్రతిపాదన రాసింది. ఒక్క అబద్ధం రాయలేదు. ఎవరి పెళ్ళాం, ఎవరి మొగుడు, ఎక్కడ ఎవరు వండుకు తింటున్నారు, ఏ జీవో ఏమంటోంది, అన్నీ ఉన్నదున్నట్టు రాసింది. కామేశం గారికి ఏదో వాసన కొట్టింది.

"ఇందులో ఏముందమ్మా మాణిక్యం?"

"ఉండాల్సిందే ఉందండి. అర్థం కాలేదాండీ?"

"అబ్బెబ్బే! అర్థం కాకేం. నీ నోటితో విందామని," అంటూ ఆయన సంతకం పెట్టాడు.

పరాంకుశరావు గారు కాగితం దూరంగా పట్టుకుని, "శభాష్! భావం ఉట్టిపడుతోంది," అని పైకి పంపారు. పైన ఉన్నవాళ్ళందరికీ భావం ఉట్టిపడింది. ఉత్తర్వు రావడం, మాణిక్యం పెట్టె సర్దుకోవడం, రాత్రి బస్సెక్కడం చకచకా జరిగిపోయాయి. శృంగవరం ఆఫీసులో ఆ ఫిన్నిష్ ఉత్తర్వు చూసి, అక్కడి అధికారి తల పంకించి, కుర్చీ చూపించాడు.

సూర్యప్రకాశం ఇంట్లో ఒకటే కంచం ఉంది. ఆ సాయంత్రమే ఇద్దరూ బజారుకెళ్ళి రెండోది కొన్నారు. కొట్టువాడు మీకు పెళ్ళెప్పుడయిందండీ అని అడిగితే సూర్యప్రకాశం, "చాలా రోజులైందయ్యా. కాపురానికి ఇయ్యాలొచ్చింది," అన్నాడు. మాణిక్యానికి నవ్వొచ్చింది గాని కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. కొన్ని నెలల పాటు వాళ్ళు అందరిలాగే బతికారు. అంటే కలిసి తిన్నారు, ఫ్యాను స్పీడు గురించి దెబ్బలాడుకున్నారు.

సుఖంగా ఉన్నవాళ్ళను ఎక్కువకాలం అలా వదిలేసే అలవాటు శాఖకు లేదు. ఆడిటువాళ్ళు వచ్చి, ఇన్ని సంతకాలు పెట్టారు, వేటి మీద పెట్టారో చెప్పమన్నారు. ఒక్కడూ చెప్పలేకపోయాడు. ఒక ఫైల్లో కమిషనర్ గారి కారునే గోతాల కింద జమకట్టి పంచేశారన్న అనుమానం కూడా వచ్చింది. అప్పుడు కమిషనర్ గారు మూడో ఉత్తర్వు తీశారు. ఎవరికి నిజంగా భాష వచ్చిందో పరీక్ష పెడతారు. ఉత్తీర్ణులైనవాళ్ళను మాస్టర్ శిక్షకులుగా భాషకు ఒకరు చొప్పున రాజధానిలోనూ, ప్రాంతీయ కేంద్రాల్లోనూ నియమిస్తారు. ఒకే భాష వచ్చిన ఇద్దరిని ఒకే ఊళ్ళో ఉంచడం మానవ వనరుల దుర్వినియోగం కనుక అది నిషిద్ధం.

మాణిక్యం ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివింది. రాష్ట్రం మొత్తానికి నిజంగా భాష నేర్చుకున్నవాళ్ళు బహుశా తామిద్దరే. పాసైతే ఒకరు రాజధానికీ ఒకరు మరెక్కడికో పోవాలి.

"ఫెయిలైపోదామే. అంతకంటే సుళువేముంది? చదూకున్నన్నాళ్ళూ నేను చేసిందదే గదా," అన్నాడు సూర్యప్రకాశం.

పరీక్ష రాజధానిలో జరిగింది. బోర్డుకు అధ్యక్షుడు రిటైరైన అదనపు కమిషనర్ భుజంగరావు గారు. ఆయనకూ పక్కనున్న ఇద్దరికీ ఫిన్నిష్ ముక్క రాదు. అయితే ఆయన చేతిలో ఫిన్నిష్ వాళ్ళ దేశం గురించి ఏదో విమాన సంస్థ వేసిన రంగుల కరపత్రం ఒకటి ఉంది. మాణిక్యాన్ని ముందు పిలిచారు.

"ఫిన్నిష్ నందు మిమ్మల్ని మీరు పరిచయం చేసుకొనుడు," అన్నారు భుజంగరావు గారు.

మాణిక్యం నోరు విప్పలేదు. మీ కార్యాలయం గురించి చెప్పమన్నారు. నేల చూపులు చూస్తూ నిలబడింది. మీ అభిరుచులేమిటన్నారు. కిటికీలోంచి బయటకు చూసింది. ఫెయిలైపోయానని లోలోపల సంబరపడుతుంటే, భుజంగరావు గారు కళ్ళజోడు తీసి పక్కవాళ్ళతో అన్నారు. "గమనించితిరా? ఆ దేశస్థులు మితభాషులు. అనవసరముగా పెదవి విప్పరని ఇందులో స్పష్టముగా ఉన్నది. ఈమె భాషను మాత్రమే గాదు, సంస్కృతినే ఆకళింపు చేసికొన్నది. నూటికి నూరు!"

మాణిక్యం బయటకు పరిగెత్తుకొచ్చి మొగుడి మోచెయ్యి పట్టుకుంది. "ఏవండీ, కొంప మునిగింది. మాట్టాడకపోతే పాసు చేసేత్తన్నారు. మీరు మాట్టాడండి. ఆపకుండా మాట్టాడెయ్యండి!"

సూర్యప్రకాశం లోపలికి వెళ్ళి మాట్లాడాడు. తలుపు అవతల నిలబడి ఆవిడ వింది. ముందు తన పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. ఆ తరువాత ఏం చెప్పాలో తోచక ఉన్నది చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కడూ వండుకుని వండిన గిన్నెలోనే తినేసిన రాత్రుల గురించి చెప్పాడు. జ్వరం వచ్చినా ఫోనులో బాగున్నానని అబద్ధమాడిన సంగతి చెప్పాడు. రెండో శనివారం బస్సు ఆలస్యమైతే డ్రైవర్ని తిట్టుకుంటూ బస్టాండులో అటూ ఇటూ తిరిగిన సంగతీ, తన పెళ్ళాం లాంటి మనిషి ఈ శాఖలోనే కాదు, ఏ శాఖలోనూ లేదన్న సంగతీ చెప్పాడు. అంతా చక్కని ఫిన్నిష్. ఆ భవనం మొత్తంలో అది అర్థమైన మనిషి ఒక్కతే. ఆ ఒక్కతే తలుపుకి చెంప ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

భుజంగరావు గారు గంట కొట్టి ఆపించారు. "ఛీ, ఏమి వాగుడు! ఇంతటి వాచాలత్వం ఆ దేశమందు మృగ్యము. సున్న!"

ఉత్తర్వులు అక్కడికక్కడే టైపు చేసి ఇచ్చారు. మాణిక్యం రాజధానిలో ఫిన్నిష్ మాస్టర్ శిక్షకురాలు. సూర్యప్రకాశం శృంగవరం తిరిగి పోవాలి. ఇద్దరూ కలిసి ఫెయిలవుదామనుకున్నవాళ్ళు, ఒకరు గెలిచి ఒకరు ఓడి మళ్ళీ విడిపోయారు. బస్టాండులో ఆయన, "ఉప్పెంతెయ్యాలో నాకిప్పుడు తెల్సులే, బెంగెట్టుకోకు," అని బస్సెక్కాడు. ఆవిడకు ఆ రోజు శాఖ మీదా కమిషనర్ మీదా ఆ కరపత్రం వేసినవాళ్ళ మీదా ఎంత కోపం వచ్చిందో, దాన్ని చెప్పడానికి ఏ భాషా చాలదు.

శిక్షణ కేంద్రంలో ఆవిడకు ఒక క్వార్టరు ఇచ్చారు. రెండు గదులు, ఒక వంటిల్లు. శిక్షణ పొందవలసినవాళ్ళు ఎవరో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు పాఠం చెబుదామని తరగతిలోకి వెళితే ఇరవై బెంచీలున్న హాలు బోసిగా ఉంది. ఆఖరి బెంచీలో ఒక్కడే విద్యార్థి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడి, "నమస్కారం మేడం," అన్నాడు సూర్యప్రకాశం.

జరిగిందేమిటంటే నాలుగో ఉత్తర్వు వచ్చింది. పరీక్ష తప్పిన ప్రతి ఉద్యోగీ, ఉత్తీర్ణుడయ్యే వరకు, తన భాషకు సంబంధించిన మాస్టర్ శిక్షకుని వద్ద పూర్తికాల శిక్షణ పొందవలెను. ఫిన్నిష్‌లో రాష్ట్రం మొత్తం మీద తప్పింది ఒక్కడే. ఇంకో అంశం కూడా ఉంది. "స్థానికముగా బంధువులు గల శిక్షణార్థులకు హాస్టలు వసతి కల్పింపబడదు. వారు సదరు బంధువుల ఇంటనే ఉండవలెను." గుమాస్తా ఆయన దరఖాస్తులో బంధువు పేరు చూసి, శిక్షకురాలి పేరు చూసి, రెండూ ఒకటేనని గమనించాడు గాని, గమనించవలెనని ఉత్తర్వులో లేదు కాబట్టి ఊరుకున్నాడు.

మూడు నెలలకోసారి పరీక్ష. పేపరు దిద్దేది మాణిక్యమే. మొదటిసారి ఆయన కాగితం మీద ఒక్క తప్పు లేకుండా రాసి ఇచ్చాడు, అలవాటు కొద్దీ. "ఏవండీ, బుద్ధుందా మీకు?" అని ఆవిడ కాగితం చింపేసి మళ్ళీ రాయించింది. ఆ తరువాత ఆయనకు కిటుకు పట్టుబడింది. సున్న ఇస్తే శ్రద్ధ లేదంటారు, పంపేస్తారు. అందుకని ప్రతిసారీ కాస్త మెరుగవుతున్నట్టు, ఇంకొక్కసారి చదివితే గట్టెక్కేస్తాడన్నట్టు, పాసు మార్కుకు అరంగుళం కింద ఆగేవాడు. అంత కచ్చితంగా తప్పాలంటే భాష మీద ఎంత పట్టుండాలో నేర్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఆయన వెనకాల చేరిన కుర్రాళ్ళు ఆయన కంటే పై అధికారులయ్యారు. "ఏంటి బావగారూ, ఆవిడ అంత పండితురాలు, మీకింకా అక్షరాలే రాలేదంట?" అని బంధువులు పెళ్ళిళ్ళలో వేళాకోళం చేశారు. "నా బుర్రింతే," అని ఆయన రెండో విడత పులిహోర వడ్డించుకునేవాడు.

ఒక ఏడాది వార్షిక తనిఖీకి కమిషనర్ గారే స్వయంగా వచ్చారు. కేంద్రమంతా చూసి, ఫిన్నిష్ తరగతికి వచ్చి, ఆఖరి బెంచీలోని బట్టతల విద్యార్థిని పరకాయించి చూశారు. రికార్డు తెప్పించుకున్నారు. పేజీలు తిప్పుతుంటే ఆయన నుదురు ముడిపడింది. సూర్యప్రకాశం పుస్తకంలో తల దూర్చేశాడు.

"ఇన్నిసార్లు తప్పిన మనిషి రాష్ట్రంలో మరొకరు లేరు. ఈయనకు భాష వస్తుందనే ఆశ మీకున్నదా?" అన్నారు కమిషనర్ గారు.

"కష్టపడుతున్నారండి. కాకపోతే రిటైరయ్యే దాకా పట్టేలా ఉంది."

కమిషనర్ గారు ఒక నిమిషం పాటు గంభీరంగా ఆలోచించారు. ఉన్నిగుడ్డ కప్పుకుని నోరెండిపోయి నిలబడ్డ రోజు గుర్తొచ్చిందో ఏమో, ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఒక్క ఉద్యోగిని కూడా చీకటిలో విడిచిపెట్టరాదన్నది ఈ ప్రభుత్వ ధ్యేయం. ఎంతకాలమైనా సరే, ఎంత వ్యయమైనా సరే. ఈయనను మాత్రం వదలకండి," అన్నారు.

"వదలనండి," అంది మాణిక్యం.